పెన్సిలు నుండి ఛాయాచిత్రము వరకు

యాత్ర చేసి వచ్చినవాడు తాను చూచినదానిని ఇంటివారికి చూపవలెనని ఉబలాటపడును. నోటితో ఎంత వర్ణించినను వినువాని మనస్సులో ఏర్పడు రూపము వేరు, చెప్పువాడు కన్నది వేరు. పైగా కొంతకాలమునకు చెప్పువాని మనస్సులోనే ఆ దృశ్యము మాసిపోవును. కొండ వాలు ఎటున్నది, గోపురమునకు అంతస్తులెన్ని, రేవులో పడవ ఏ తీరున కట్టియున్నది అను వివరములు ఒక్కొక్కటే జారిపోవును. అందుచేతనే కెమెరా పుట్టకముందు దూరప్రయాణములు చేయు విద్యావంతులు పెన్సిలును, కాగితపు పుస్తకమును వెంట తీసికొనిపోయెడివారు. ఐరోపాలో 18, 19 శతాబ్దములలో సైనికోద్యోగులకును, సర్వేయర్లకును చిత్రలేఖనము వృత్తికి అక్కరకు వచ్చు విద్య. కలిగిన కుటుంబముల స్త్రీపురుషులకు అది మర్యాదకు చిహ్నము.

అయితే గీయుట అందరికిని పట్టుబడదు. పట్టుబడనివారికి సాయపడుటకు కొన్ని పరికరములు బయలుదేరినవి. అట్టి పరికరమొకటి ఒక శాస్త్రజ్ఞుని చేతిలో విఫలమైనది. ఆ వైఫల్యము నుండియే నెగటివు, పాజిటివులతో కూడిన ఛాయాగ్రహణ పద్ధతి పుట్టినది.

చీకటి గది

తలుపులన్నియు మూసిన గదికి ఒక గోడలో చిన్న రంధ్రము చేసినచో, బయటి దృశ్యము ఎదుటి గోడపై తలక్రిందులుగా పడును. వెలుగు సరళరేఖలలో పయనించుటయే దీనికి కారణము. చెట్టు కొన నుండి వచ్చు కిరణము రంధ్రము గుండా గోడ క్రిందిభాగమునకును, చెట్టు మొదలు నుండి వచ్చునది పైభాగమునకును చేరును. ఈ సంగతి ప్రాచీనులకు తెలియును. 16వ శతాబ్దములో రంధ్రమున్న చోట కుంభాకార కటకము నమర్చగా బొమ్మ మరింత ప్రకాశవంతమైనది. తరువాత గది కుదించుకొని పెట్టె అయినది. పెట్టెలో వాలుగా ఒక అద్దమునుంచి, బొమ్మను పైనున్న గరుకు గాజుపలకపైకి మరలించి, ఆ పలకపై పలుచని కాగితము పరచి గీతలను దిద్దుకొనుట వాడుకలోనికి వచ్చినది. ఈ పెట్టె పేరు కెమెరా అబ్స్క్యూరా. లాటిను భాషలో ఆ మాటకు చీకటి గది యని అర్థము.

1786లో ఇంగ్లండు నుండి కలకత్తా చేరిన థామస్ డేనియల్, అతని సోదరుని కుమారుడు విలియం డేనియల్ అను చిత్రకారులు ఈ పరికరమును వెంటబెట్టుకొని మన దేశమున హిమాలయముల నుండి దక్షిణాది దేవాలయముల వరకు సంచరించిరి. వారు గీసిన దృశ్యములు 1795 మొదలు 1808 వరకు 144 ముద్రాచిత్రములుగా వెలువడినవి. ఇంగ్లండులోని సామాన్యులు భారతదేశపు కోటలను, కోవెలలను కొంత నమ్మకముతో చూచినది ఈ బొమ్మలలోనే.

గది లేని కెమెరా

చీకటి పెట్టె బరువైనది. 1806లో విలియం హైడ్ వులాస్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేబులో పట్టు పరికరమునొకదానిని నిర్మించి పేటెంటు పొందెను. పల్లాడియం, రోడియం అను లోహములను కనుగొన్నది ఇతడే. ఈ కొత్త పరికరమునకు కెమెరా లూసిడా, అనగా వెలుగు గది, అని పేరు. నిజమునకు ఇందులో గదియు లేదు, పెట్టెయు లేదు. సన్నని కడ్డీ కొనపై నిలిపిన చిన్న గాజు పట్టకము మాత్రమే కలదు.

ఆ పట్టకమునకు నాలుగు ముఖములు. వాని నడుమ కోణములు వరుసగా 90, 67.5, 135, 67.5 డిగ్రీలు. ఎదుటి దృశ్యము నుండి అడ్డముగా వచ్చు కిరణము నిలువు ముఖమునకు లంబముగా లోనికి ప్రవేశించి, వెనుక ముఖముపై 67.5 డిగ్రీల పతనకోణముతో తగులును. గాజునకు సందిగ్ధకోణము సుమారు 42 డిగ్రీలే గనుక, కిరణము బయటికి పోజాలక సంపూర్ణముగా పరావర్తనము చెందును. అందువలన దాని దారి 45 డిగ్రీలు మరలును. తరువాతి ముఖముపైనను ఇట్లే జరిగి మరి 45 డిగ్రీలు మరలును. మొత్తముపై 90 డిగ్రీలు తిరిగిన కిరణము పై ముఖము నుండి వెలువడి, వంగి చూచువాని కంటిని చేరును. ఒక అద్దమైనచో బొమ్మ తారుమారగును. ఇచట పరావర్తనములు రెండు గనుక ఆ దోషము లేదు.

చూచువాడు తన కనుపాపలో సగము పట్టకపు అంచుపై నుండునట్లును, సగము అంచు దాటియుండునట్లును తల వంచవలెను. అపుడు ఒక సగముతో ఎదుటి కొండయు, రెండవ సగముతో క్రిందనున్న కాగితమును, పెన్సిలు మొనయు ఒకేమారు కనబడును. కొండ కాగితముపై పరచుకొన్నట్లు తోచును. ఆ తోచిన రూపముపై పెన్సిలు నడుపుటయే తక్కిన పని.

బేసిల్ హాల్ అను నౌకాదళోద్యోగి 1827, 1828 సంవత్సరములలో ఉత్తర అమెరికాలో తిరుగుచు ఈ పరికరముతో బొమ్మలు గీసి, వానిలో నలుబదింటిని 1829లో ప్రకటించెను. ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ దీనిని ఉపయోగించుటలో అందెవేసిన చేయి. అతడు 1834 నుండి 1838 వరకు దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతమున నుండి దక్షిణాకాశపు నక్షత్రములను పరిశీలించెను. తీరిక వేళలలో అచటి పూలకు కెమెరా లూసిడాతో హద్దుగీతలు గీయగా, భార్య మార్గరెట్ వానికి రంగులద్దెడిది.

అయినను ఈ పరికరము సులభమైనది కాదు. తల వెంట్రుకవాసి కదలినను కొండ కాగితముపై జరిగిపోవును. దృశ్యము మిక్కిలి వెలుగుగా నున్నచో పెన్సిలు మొన కనబడదు. కాగితము మిక్కిలి వెలుగుగా నున్నచో దృశ్యము కనబడదు. అన్నిటికంటె ముఖ్యమైన చిక్కు మరొకటి. ఏ గీత వేయవలెను, దేనిని విడువవలెను, ఎచట ఒత్తి ఎచట తేలికగా గీయవలెను అను నిర్ణయమును పట్టకము చేయదు. అది గీయువాడే చేయవలెను.

బెల్లాజియోలో విఫలయత్నము

విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1800లో జన్మించెను. గణితమున దిట్ట, 1831లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను, తరువాత పార్లమెంటునకు ఎన్నికయ్యెను. 1832 డిసెంబరులో అతనికి కాన్‌స్టన్స్‌తో వివాహము జరిగెను. మరుసటి సంవత్సరము దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరిరి. 1833 అక్టోబరులో వారు ఇటలీ ఉత్తర భాగమున కోమో సరస్సు ఒడ్డుననున్న బెల్లాజియో గ్రామమున విడిది చేసిరి. టాల్బట్ సవతి చెల్లెండ్రును వారితో నుండిరి. సరస్సు చుట్టును కొండలు, నీటి అంచున మేడలు. కాన్‌స్టన్స్‌కును, ఆడపడుచులకును బొమ్మలు గీయుట చక్కగా వచ్చును. రానివాడు టాల్బట్ ఒక్కడే.

అతడు వులాస్టన్ పరికరమును బల్లకు బిగించి, పట్టకములో చూచుచు గీయ మొదలిడెను. చూచునంతసేపు సరస్సంతయు కాగితముపై నున్నట్లే కనబడెను. కన్ను తీసి చూడగా మిగిలినవి కొన్ని వంకర గీతలు మాత్రమే. కొన్ని ప్రయత్నముల తరువాత అతడొక నిర్ణయమునకు వచ్చెను: ఈ పరికరమును వాడవలెనన్నచో ముందుగా చిత్రలేఖనము వచ్చియుండవలెను. ఆ విద్య రాకనే గదా తాను ఈ పరికరము నాశ్రయించినది!

అపుడతనికి 1823, 1824లలో ఇటలీలోనే తాను వాడిన చీకటి పెట్టె జ్ఞప్తికి వచ్చెను. దాని గాజుపలకపై ప్రకృతి దృశ్యము రంగులతో సహా క్షణకాలము నిలిచి మాయమగుచుండెడిది. ఆ బొమ్మ తనంతట తానే కాగితముపై నిలిచిపోయినచో ఎంత బాగుండును అని అతడనుకొనెను. అంతటితో ఆగక భౌతికశాస్త్ర దృష్టితో తర్కించెను. బొమ్మ యనగా కాగితముపై ఒక చోట ఎక్కువ వెలుగు, మరియొక చోట తక్కువ వెలుగు పడుటయే. వెలుగునకు కొన్ని పదార్థములను మార్చు శక్తి కలదు. వెండి లవణములు వెలుతురులో నల్లబడునని 18వ శతాబ్దము నుండి రసాయన శాస్త్రజ్ఞులెరుగుదురు. అట్టి పదార్థమును కాగితమునకు పట్టించినచో, ఎక్కువ వెలుగు తగిలిన చోట ఎక్కువ మార్పు కలుగవలెను గదా? ఈ ఊహను అతడు మరువకుండ వ్రాసికొనెను. ఇంటికి పోయిన పిదప పరీక్షింప నిశ్చయించెను.

ఉప్పు, వెండి, వెలుగు

1834 జనవరిలో టాల్బట్ ఇంగ్లండు చేరెను. ఆ వసంతమున లేకాక్ ఆబీ అను తన స్వగృహమున ప్రయోగములు మొదలైనవి. కాగితమును ఉప్పునీటిలో ముంచి ఆరబెట్టి, దానిపై సిల్వర్ నైట్రేటు ద్రావణము పూసినచో కాగితపు పోగులలో సిల్వర్ క్లోరైడు ఏర్పడును. వెలుగు తగిలినపుడు అది విడిపోయి, సన్నని వెండి రేణువులు మిగులును. అవియే నల్లగా కనబడును. ఆకునో, జాలరు గుడ్డనో ఆ కాగితముపై నుంచి ఎండలో పెట్టగా, చుట్టును నల్లబడి వస్తువు ఆకారము తెల్లగా మిగిలెను.

కాగితమంతయు ఒకే తీరున నల్లబడకుండుట అతడు గమనించెను. కొన్ని అంచులు ముందుగా నల్లబడుచుండెను. ఉప్పు తక్కువగా తగిలిన చోట కాగితము వెలుగునకు త్వరగా లొంగుననియు, ఎక్కువైన చోట లొంగదనియు తేలెను. ఈ చిన్న పరిశీలన వలన రెండు లాభములు కలిగెను. తక్కువ ఉప్పుతో చురుకైన కాగితము తయారైనది. బొమ్మ పడిన తరువాత గాఢమైన ఉప్పునీటిలో ముంచి దాని మందకొడితనమును పెంచి, బొమ్మ మరి నల్లబడకుండ కొంతవరకు నిలుపుటకు వీలైనది. 1802లో థామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీలు వెండి లవణములతో ఇట్టి నీడలనే పట్టిరి గాని, వానిని నిలుపలేకపోయిరి.

1835 వేసవిలో టాల్బట్ చిన్న చెక్కపెట్టెలకు కటకములు బిగించి ఇంటి చుట్టును అచటచట పెట్టెను. వానిని చూచి కాన్‌స్టన్స్ ఎలుకబోనులని పరిహసించెను. ఆగస్టులో అట్టి పెట్టె యొకదానిలో ఇంటి కిటికీ బొమ్మ పడెను. ప్రమాణము సుమారు ఒక చదరపు అంగుళము. భూతద్దముతో చూచిన అందులో కిటికీ గాజుపలకలు సుమారు రెండు వందలు లెక్కింపవచ్చునని అతడు వ్రాసియుంచెను. నేటికిని నిలిచియున్న నెగటివులలో అతి ప్రాచీనమైనది ఇదియే.

తరువాత అతడు ఇతర శాస్త్రములలో మునిగి ఈ పనిని ప్రక్కన పెట్టెను. 1839 జనవరి 7వ తేదీన పారిస్‌లో ఆరాగో అను శాస్త్రజ్ఞుడు, లూయీ డాగెర్ కెమెరా బొమ్మలను నిలుపగలిగెనని ప్రకటించెను. డాగెర్ పద్ధతి తన పద్ధతియే యగునేమో యని టాల్బట్ తొందరపడెను. జనవరి 25న తన బొమ్మలను లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రదర్శించెను. 31న అతని వ్యాసము రాయల్ సొసైటీలో చదువబడెను. ఫిబ్రవరి 1న అతడు హెర్షెల్‌ను కలిసికొనగా, వెండి లవణములను హైపో కరగించునను రహస్యము తెలిసెను. హెర్షెల్ దీనిని 1819లోనే కనుగొనియుండెను. వెలుగు తగలని లవణము హైపోలో కరగి కొట్టుకొనిపోయినచో, ఇక బొమ్మకు ఎండ భయము లేదు. నెగటివు, పాజిటివు అను పేర్లను ఛాయాగ్రహణమున ప్రవేశపెట్టినవాడును హెర్షెలే.

డాగెర్ పద్ధతి వేరని వెంటనే తేలినది. అతని బొమ్మ వెండి పూసిన రాగి రేకుపై పడును, మిక్కిలి స్పష్టమైనది, కాని ఒక్కటే ప్రతి. టాల్బట్ కాగితపు నెగటివు నుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. 1840 సెప్టెంబరులో అతడు మరియొక గొప్ప సంగతిని కనుగొనెను. కొద్దిసేపే వెలుగు తగిలిన కాగితముపై ఏమియు కనబడకున్నను, గాలిక్ ఆమ్లముతో కడిగినచో దాగియున్న బొమ్మ బయటపడును. గంటల పని నిమిషములలోనికి వచ్చెను.

వాకిట చీపురు

1844 నుండి 1846 వరకు టాల్బట్ తన ఛాయాచిత్రములు 24 అతికించిన పుస్తకమును ఆరు భాగములుగా ప్రకటించెను. దాని పేరు ప్రకృతి యొక్క పెన్సిలు అను అర్థము నిచ్చును. బెల్లాజియోలో తన్ను మోసగించిన పెన్సిలును అతడు మరువలేదన్నమాట. కోమో సరస్సు కథను అతడు లోకమునకు చెప్పినది ఈ పుస్తకపు ముందుమాటలోనే.

అందులోని ఒక బొమ్మ అందరిని ఆకర్షించినది. సగము తెరచిన తలుపు, దానికి చేరవేసిన పుల్లల చీపురు, గోడకు వ్రేలాడు లాంతరు, వాకిటిపై ఏటవాలుగా పడిన నీడ. అంతకుమించి ఏమియు లేదు. ఇట్టి సామాన్య విషయమును చిత్రించుటకు డచ్చి చిత్రకారుల దారి తనకు ఆధారమని టాల్బట్ సమర్థించుకొనెను. రాజులు, యుద్ధములు, దేవాలయములే గాక ఇంటి వాకిలి కూడ దాచుకొనదగినదని ఛాయాగ్రహణము తన తొలి దినములలోనే నిరూపించెను.

కాని ఆనాటి కెమెరాకు కదలు వస్తువులు చిక్కవు. డాగెర్ 1838లో తన కిటికీ నుండి తీసిన పారిస్ వీధి బొమ్మలో బండ్లు గాని, జనసమ్మర్దము గాని లేదు. వెలుగు పట్టుటకు కొన్ని నిమిషములు కావలసి యుండుటచే తిరుగుచున్న వారెవ్వరును రేకుపై నిలువలేదు. బూట్లు తుడిపించుకొనుటకు ఒక కాలు ఎత్తి కదలక నిలిచిన మనుష్యుడు మాత్రము పడెను. 1840 తరువాత లెరెబూర్ అను పారిస్ వర్తకుడు దేశదేశముల నుండి ఇట్టి రేకులను తెప్పించి, చెక్కుడు చిత్రములుగా ముద్రించెను. అపుడు ఖాళీ వీధులు వింతగా నుండునని చిత్రకారులచే మనుష్యులను, గుర్రములను చేర్పించెను. కెమెరా వచ్చిన తొలి దశాబ్దమున యాత్రికునికి భవనములను కెమెరాయు, జీవమును పెన్సిలును సమకూర్చవలసి వచ్చినది.

అమరావతి శిలల సాక్ష్యము

చేతి గీతకును, ఛాయాచిత్రమునకును గల విలువలను పోల్చుటకు ఆంధ్రదేశమునందే మంచి నిదర్శనము కలదు. కృష్ణాతీరమున అమరావతి స్తూపమును సర్వేయరు కాలిన్ మెకంజీ మొదట 1798లో చూచెను. ఆ కాలమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచట నగరము కట్టించుచుండెను. స్తూపపు దిబ్బ నుండి రాళ్లు త్రవ్వుకొనిపోబడుచుండెను. మెకంజీ 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చునాటికి చాల భాగము నాశమైయుండెను. మిగిలిన శిలలకు అతని బృందము 1816, 1817లలో కొలతలతో బొమ్మలు గీసెను. తరువాత వానిలో పెక్కు శిలలు కనబడకుండ పోయినవి. కొన్ని సున్నమునకు కాల్చబడినవి. అట్టి శిలలపై ఏ శిల్పముండెనో తెలియుటకు నేడు మెకంజీ బొమ్మలే ఆధారము.

1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసు చేరినవి. లినియస్ ట్రైప్ అను సైనికోద్యోగి మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా నుండి 1858లో వానికి ఛాయాచిత్రములు తీసెను. 1859లో ఆ శిలలు లండనునకు ఎగుమతియైనవి. ట్రైప్ బొమ్మలలో ప్రతి పగులును, ప్రతి పెచ్చు ఊడిన చోటును ఉన్నది ఉన్నట్లు కనబడును. మెకంజీ చిత్రకారులు అరిగిన శిల్పములో రేఖ ఎటు పోయినదో చూచి, ఆలోచించి గీసిరి. మొదటిదానిలో రాతి యొక్క స్థితి తెలియును. రెండవదానిలో రాతిని చదివిన మనుష్యుని అవగాహన తెలియును. అవగాహనలో పొరపాటునకు చోటున్నది. కాని చూచి గీసినవాడు లేకున్నచో పోయిన శిలల జాడయే మిగిలెడిది కాదు.

ఆ తరువాత ఈ విద్య దేశీయుల చేతికిని వచ్చెను. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో సర్వే నేర్చిన లాలా దీన్‌దయాళ్ 1880 ప్రాంతమున మధ్యభారతపు కట్టడములకు ఛాయాచిత్రములు తీసి పేరు గాంచెను. పిమ్మట సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము కొలువులో రాజా బిరుదు పొందెను. ఆనాటి హైదరాబాదు ఎట్లుండెనో నేటివారెరుగుటకు అతని బొమ్మలు గొప్ప సాధనములు.

జరుగని యాత్ర

కెమెరా సామాన్యుని చేతికి వచ్చుటకును ఒక యాత్రయే కారణమగుట విశేషము. 1877లో అమెరికాలోని రాచెస్టర్ పట్టణమున జార్జి ఈస్ట్‌మన్ అను బ్యాంకు గుమాస్తా సెలవులలో శాంటో డొమింగో పోదలచెను. బొమ్మలు తీసికొని రమ్మని తోడి ఉద్యోగి సలహా ఇచ్చెను. అప్పటి పద్ధతి ప్రకారము గాజుపలకపై కొలోడియన్ పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి, వెంటనే కడుగవలెను. అందుకు గుడారము, సీసాలు, తొట్లు, పెద్ద కెమెరా మోసికొనిపోవలెను. ఈస్ట్‌మన్ ఇవన్నియు కొనెను. యాత్ర మాత్రము జరుగలేదు. ఈ బరువును ఎట్లు తగ్గించవలెనను చింత అతనిని పట్టుకొనెను. 1888లో కొడాక్ కెమెరా వెలువడినది. వెల 25 డాలర్లు. లోపల నూరు బొమ్మలకు సరిపడు చుట్ట. చుట్ట పూర్తికాగానే కెమెరాను కర్మాగారమునకు పంపిన, బొమ్మలు తీసి కొత్త చుట్ట నింపి తిరిగి పంపెడివారు. 1900లో ఒక డాలరు బ్రౌనీ కెమెరా వచ్చినది. పిల్లల ఆటలు, విందులు, రైలుస్టేషనులో వీడ్కోలు మొదలైన నిత్యజీవిత దృశ్యములు ఇంటింటి ఆల్బములలోనికి చేరినవి.

గీత చేయు పని

నేడు కెమెరా టెలిఫోనులో నిమిడినది. బొమ్మ తీయుటకు డబ్బుగాని, శ్రమగాని అక్కరలేదు. ఇట్లు తీసిన బొమ్మలు జ్ఞాపకమునకు తోడ్పడుచున్నవా అని మనస్తత్వశాస్త్రజ్ఞులు పరీక్షించుచున్నారు. 2014లో లిండా హెంకెల్ అను శాస్త్రజ్ఞురాలు ప్రకటించిన ప్రయోగములో, విద్యార్థులు చిత్రశాలలో కొన్ని వస్తువులకు ఫొటోలు తీసిరి. కొన్నిటిని ఊరక చూచిరి. మరునాడు అడుగగా, ఫొటో తీసిన వస్తువులే తక్కువగా జ్ఞాపకమున్నవి. వస్తువులో ఒక భాగమును దగ్గరగా చూపునట్లు తీసినపుడు ఈ నష్టము కలుగలేదు. ఏది తీయవలెనో తామే ఎంచుకొన్నవారికి చూచినది బాగుగను, విన్నది తక్కువగను జ్ఞాపకముండెనని 2017లో మరికొందరు తెలిపిరి. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయము వారు 2016లో ప్రకటించిన ప్రయోగములలో, వ్రాసికొన్న మాటలకంటె బొమ్మగా గీసికొన్న మాటలే ఎక్కువగా గుర్తుండెను. గీసినవాడు చిత్రకారుడు కానక్కరలేదు.

ఈ ఫలితములలో వింత లేదు. గీయుటకు ముందు పోల్చవలెను, కొలువవలెను, ఎంచవలెను. బెల్లాజియోలో టాల్బట్‌కు కష్టమైనది ఈ పనియే. వృక్షశాస్త్రజ్ఞులు కొత్త మొక్కను వర్ణించునపుడు ఫొటోతోపాటు రేఖాచిత్రమును ఇచ్చుటకును, పురావస్తు పరిశోధకులు కుండపెంకులను నేటికిని చేతితో గీయుటకును కారణమిదియే. కనుక విహారయాత్రకు పోవు విద్యార్థి కెమెరాతోపాటు ఒక పెన్సిలును, చిన్న పుస్తకమును తీసికొనిపోవుట మంచిది. బొమ్మ వంకరగా వచ్చినను చింత లేదు. ఆ బొమ్మ కొరకు పది నిమిషములు నిలిచి చూచిన తలుపును, చెట్టును, గోపురమును అతడు సులభముగా మరువడు.